దుంగకు తగిన పలక

రాజాం పట్టణమున పాలకొండ రోడ్డు వెంబడి గాని బొబ్బిలి రోడ్డు వెంబడి గాని సాయంకాలవేళ నడచిపోవువారికి, ఇటీవల కట్టిన ఇండ్ల ముఖభాగములపై ఒక నూతనశోభ కన్నులబడక మానదు. తెల్లని సిమెంటు గోడ నడుమ నిలువుగా ఒక పట్టె, ఆ పట్టెపై గోధుమవన్నె పలకల వరుస, దానిమీద వెలుగు చిందునట్లు అమర్చిన చిన్న దీపములు. గేటు దాటి హాలులోనికి పోయినచో టీవీ వెనుక గోడకు సైతము అదే వన్నె, అవే గీతలు. వెలుపలిదానిని క్లాడింగు అనియు లోపలిదానిని ప్యానెలింగు అనియు మేస్త్రీలు పిలుచుచున్నారు. వీనిలో కొన్ని పింగాణీ టైల్సు, కొన్ని పీవీసీ, కొన్ని రంపపుపొట్టును ప్లాస్టిక్కుతో కలిపి పోసిన డబ్ల్యూపీసీ పలకలు. నిజమైన కర్ర బహు అరుదు. ఇల్లు కట్టినవారు మాత్రము అతిథికి చూపునప్పుడు అన్నిటిని కలిపి ‘టేకు లుక్కు’ అనియే చెప్పుచున్నారు.

ఈ ముచ్చట పట్టణముతో ఆగలేదు. అరకు దారిలోను లంబసింగి దారిలోను వెలసిన విడిదికుటీరములను చూచి వచ్చినవారికి, తమ మామిడితోటలోనో జీడితోటలోనో ఒక దుంగల ఇల్లు కట్టుకొనవలెనని బుద్ధి పుట్టుచున్నది. టైడాలో పర్యాటకశాఖవారి జంగిల్ బెల్స్ విడిదిలోని కర్ర కుటీరములు ఇట్టి కోరికకు ఏనాడో విత్తనము నాటినవి. అమెరికాలో ఉద్యోగము చేయు కుమారుడు టెన్నెస్సీ రాష్ట్రమున గాట్లిన్‌బర్గు కొండలలో సెలవుదినములు దుంగల ఇంట గడిపి, ఆ ఛాయాచిత్రములను తండ్రి ఫోనునకు పంపి, “మన తోటలో ఇలాంటిది కట్టిద్దాం నాన్నా” యన్నచో, కాదనగల తండ్రి ఈ మండలములో ఎవ్వడు? కోరికను నేను తప్పుపట్టను. కర్రపై ప్రీతి మనుష్యజాతికి సహజము. నా వాదమెల్ల ఒక్కదానిపై నిలిచియున్నది: కర్రను కర్రతో తొడుగునప్పుడు వన్నె కలిసిన చాలదు, జాతి కలియవలెను, ఎండిన తీరు కలియవలెను. అవి కలియనిచో ఆ తొడుగు మానుకొని గోడకు సున్నము వేసికొనుట వేయిరెట్లు మేలు.

2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళము జిల్లానుండి విజయనగరము జిల్లాకు మారిన మన రాజాం ప్రాంతమునకు కర్రపని కొత్తది కాదు. అయితే దుంగలను అడ్డముగా ఒకదానిపై నొకటి పేర్చి గోడ కట్టు ఆచారము మనకు లేదు. మనది స్తంభము నిలిపి, దూలమెత్తి, వాసములు పరచు పద్ధతి. గోడ మట్టిదో ఇటుకదో. గిడుగు రామమూర్తి పంతులుగారు ఎవరి భాషకై తమ ఆయుష్షు ధారవోసిరో ఆ సవరలు సీతంపేట కొండలలో కట్టుకొను ఇండ్లలో సైతము, కర్ర గుంజల నడుమ మట్టి మెత్తి, ఆ మట్టిగోడపైననే తమ దేవతల చిత్రములు వ్రాయుదురు. మైదానమున మండువా ఇండ్లు వేరొక తీరు. స్తంభములకు టేకో మద్దియో గుగ్గిలపు కర్రయో, వాసములకు తాడి. ఆ తాడికర్రయందును నాటివారికి వివేకముండెను. తాటిమానులో వెలుపలి భాగము ఇనుమువలె గట్టిది, నడిమి భాగము దూదివలె మెత్తనిది. కావున ముదురుమానును నిలువుగా చీల్చి, నడుమనున్న గుజ్జును తొలగించి, వెలుపలి చేవను మాత్రమే వాసముగా వాడెడివారు. లేత తాడిని ఇంటికెత్తిన వడ్రంగికి ఊరిలో రెండవ పని దొరకెడిది కాదు.

తెలిసిన వడ్రంగి మండువా చుట్టు నిలుపు స్తంభములను ఒకే విధమైన కర్రతో చేయగోరెడివాడు; అటకకు పరచు పలకలను ఒకే మానునుండి కోయించినచో ఆ కోత వరుస తప్పకుండ పరచెడివాడు. అందుచేతనే యెనుబది తొంబది యేండ్లు గడచిన అటకలలో నేటికిని పలకకును పలకకును నడుమ సందులు సమముగా నుండుట చూడవచ్చును. అటువంటి ఇండ్లను బాగుచేయువారు ఒక పలక పుచ్చిపోయిన చోట ఏది చేతికందిన దానిని బిగించి, పైన వార్నీషు పూసి, పని ముగిసినదని చేతులు దులుపుకొనుచుండగా చూచి, ప్రాతపని యెరిగినవారు నిట్టూర్చుట సహజమే.

ఇక దుంగల ఇంటికి పలకల తొడుగు అసలెందుకు వలసివచ్చెనో చెప్పవలెను. ఫిన్లండు, నార్వే, రష్యా దేశములలోను ఉత్తర అమెరికాలోను పైన్, స్ప్రూస్, సీడారు వంటి మానులను నిలువుగా నిలుపక అడ్డముగా పేర్చి, మూలలయందు గండ్లు కొట్టి ఒకదానిలో నొకటి కూర్చి ఇల్లు కట్టుదురు. పచ్చిదుంగతో కట్టిన గోడ ఎండుచున్నకొలది క్రుంగును. సరిగా ఆరని కర్రయైనచో అడుగు ఎత్తునకు అరయంగుళము మొదలు ముప్పాతికయంగుళము వరకు క్రుంగునని అక్కడి కట్టడపువారి లెక్క. అనగా పది యడుగుల గోడ కొన్ని సంవత్సరములలో ఐదంగుళములు దిగినను ఆశ్చర్యపడనక్కరలేదు. కావుననే కిటికీల నెత్తిన ఖాళీ విడిచి, ఆ ఖాళీ కనబడకుండ ఒక పలకను కప్పుదురు. ఆ పలకను పైదుంగకు మాత్రమే బిగింతురు గాని కిటికీచట్రమునకు బిగింపరు. కప్పునకు ఇరువైపుల లేచు ముక్కోణపు గోడను నిండు దుంగలతో కట్టినచో అది మిగిలిన గోడలకన్న ఎక్కువగా క్రుంగి కప్పును వంచును. అందువలన ఆ ముక్కోణమును తేలికపాటి చట్రముతో నిలిపి, దానిపై దుంగ ముఖమువలె గుండ్రముగా చిత్రికపట్టిన పలకలను అమర్చుదురు. తరువాత చేర్చిన వంటగదికిని, కారు నిలుపు కొట్టమునకును ఇదే ఉపాయము. లోపలిగోడలకు నాలుకయు గాడియు గల పలకలను కూర్చుదురు.

ఈ పలక పుట్టినది మోసము కొరకు కాదు, అవసరము కొరకు. క్రుంగని చట్రము ఒకవైపు, క్రుంగు దుంగ ఒకవైపు. రెండింటి నడుమ సంధి కుదుర్చుట దాని పని. ఆ సంధి కంటికి ఆనకుండ నుండవలెనన్న దుంగల వరుస ఎత్తెంతయో పలకల వరుస ఎత్తును అంతయే ఉండవలెను, గుండ్రదనము కలియవలెను, అన్నిటికి మించి కర్ర ఒకటే కావలెను. సీడారు ఎండకు వెలిసి వెండివన్నె తిరుగు తీరు వేరు, పైన్ వెలియు తీరు వేరు. తొలి సంవత్సరము రెండింటిపై ఒకే రంగు పూసి నవ్వుకొన్నవాడు మూడవ సంవత్సరము ఇంటి మొగము రెండు ముక్కలై యుండుట చూచి తల పట్టుకొనును.

కర్రకు ప్రాణము పోయినను చలనము పోదు. గాలిలో తేమ పెరిగిన ఉబ్బును, తగ్గిన కుదించుకొనును. పచ్చిమానులోని నీరు వందకు ముప్పది పాళ్లకు దిగువనకు ఇంకినప్పటినుండి ఈ కుదింపు మొదలగును. నిలువున అది దాదాపు లేనట్లే, అడ్డముగానే యుండును. ఆ అడ్డములోనైనను, మాను నడిమినుండి బెరడువైపునకు కుదించుకొను కొలతకన్న, వలయముల వెంబడి కుదించుకొను కొలత ఇంచుమించు రెట్టింపు. కావుననే మాను నడుమ కోసిన పలక చదునుగా నిలుచును, అంచున కోసిన పలక దొన్నెవలె వంగును. వైశాఖమున పెదవి పగులు మన రాజాములో, శ్రావణమున తలుపు గడపకు పట్టి లాగినను రాకుండుటకు హేతువిదియే. ఇట్టి చోట రెండు జాతుల కర్రను, ఒకటి పాతది మరియొకటి పచ్చిది, పక్కపక్కన బిగించినవాడు రెండు వేర్వేరు ఋతువులను ఒకే గోడకు మేకులతో కొట్టినవాడగును.

దీనికి ప్రమాణము కావలెనన్నచో ఐరోపాకు పోనక్కరలేదు. రాజాము వదలి పడమరగా బొబ్బిలికి పోయి, అటనుండి గొల్లపల్లికి పొండు. సర్వసిద్ధి వంశమువారు తరతరములుగా వీణలు చేయు గ్రామమది. బొబ్బిలి సంస్థానాధీశుల ఆదరమున పెరిగిన ఆ విద్యకు నేడు భౌగోళిక గుర్తింపు సైతము లభించినది. వారు వాడు కర్ర పనస. కుండయు దండియు వేర్వేరుగా చేసి అతుకు వీణలు లోకమున కలవు; కాని బొబ్బిలికి పేరు తెచ్చినది ఏకాండి వీణ. ఒకే పనసమొద్దును తీసికొని, దానిలోనే కుండను తొలిచి, దానిలోనే దండిని సాగదీసి, యాళి ముఖము వరకు చెక్కుకొనిపోవుదురు. అతుకు లేనిచో అతుకు విడదు. ఉబ్బినను కుదించుకొనినను వీణ అంతయు ఒక్కటిగానే కదలును. తంత్రుల బిగువు స్థానము తప్పదు. కర్రను శ్రుతిలో పెట్టుట యనగా ఏమో అర్థము కానివారు, ఒక పూట ఆ పనివారి వాకిట కూర్చున్నచో చాలును. గోడకు పలక తొడుగువాడు ఆ స్థాయికి ఎదుగనక్కరలేదు గాని, ఆ బుద్ధిలో పదవవంతైనను అలవరచుకొన్న నష్టము లేదు.

ఇటీవల ఒక తోటబంగళాలో చూచిన గోడను గూర్చి చెప్పెదను. అది ఎవరిదో చెప్పుట అనవసరము. స్తంభములు మద్ది, వాని నడుమ తొడిగిన పలకలు పరదేశపు పైన్. రెండింటికిని ఒకే నల్లగోధుమ పాలిషు. కట్టి రెండు వానాకాలములు గడచినవి. దగ్గరకు పోయి చూడగా ప్రతి మేకు తల క్రిందను నీలివన్నె కలసిన నల్లని చార, కాటుక కన్నీరువలె కాదు, సరిగా సిరా ఒలికినట్లే దిగియున్నది. అది సిరాయే కూడ! మన పెద్దలు కరక్కాయ నలుగగొట్టి, నీటిలో నానవేసి, అన్నభేది కలిపి సిరా చేసికొన్న సంగతి తెలిసినదే; కరక్కాయలోని వగరు, అన్నభేదిలోని ఇనుము కలిసినప్పుడు పుట్టు నలుపది. మద్దిచెట్టు కరకచెట్టునకు సగోత్రమే. దాని కర్రలోని వగరునకు ఇనుపమేకు తగిలి, వానచుక్క తోడైనచో, గోడ తనంతట తానే సిరా తయారు చేసికొనును. ఇత్తడి మరయో స్టీలు మరయో వాడిన ఈ వికారము లేకుండెడిది. ఇంకొక చోట, పలక రెండంచులను మేకులతో బిగియగొట్టినందున, వానలకు ఉబ్బిన పలకకు జరుగుటకు చోటు లేక నడిమికి నిలువునా బీట వారినది. నాలుకయు గాడియు గల పలకకు ఒక అంచున మాత్రమే మేకు దిగవలెను. రెండవ అంచు గాడిలో స్వేచ్ఛగా కదలవలెను. గాడిని చేసినవాని యుద్దేశమే అది. రెండంచులను బిగించువానికి గాడి అలంకారముగా తోచుచున్నది.

మరియొక సంగతి. మన కోతమిల్లులలో గుండ్రని దుంగను చదరపు దూలముగా కోయునప్పుడు నాలుగు వైపులనుండి నాలుగు బద్దలు రాలును. ఒక ముఖము చదును, రెండవ ముఖము మాను గుండ్రదనమును ఉన్నదున్నట్లు నిలుపుకొన్నది. అమెరికాలో దుంగ ముఖపు పలక యని పెట్టెలలో పేర్చి అమ్మునది దీని చక్కబరచిన రూపమే గదా! మనవారు దానిని మోపులుగట్టి వంటచెరకునకును ఇటుకబట్టీలకును తూకమున అమ్మివేసి, ఆ సాయంకాలమే దుంగవలె కనబడు ప్లాస్టిక్కు పలకకు అడుగుల లెక్కన ధర చెల్లించి వచ్చుచున్నారు. ఏ దుంగనుండి దూలము వచ్చెనో ఆ దుంగ బద్దయే ఆ ఇంటి ముక్కోణమునకు తొడుగైనచో, అంతకు మించిన జత ఎక్కడ దొరకును? అయితే ఇందు ఒక చిక్కు లేకపోలేదు. బద్దలో చేవ తక్కువ, బెరడు క్రింది తెల్లకర్ర యెక్కువ. తెల్లకర్ర పురుగునకు ప్రీతి. కావున బెరడును ఆనవాలు లేకుండ ఒలిచి, బోరాక్సు, బోరికామ్లము కలిపిన నీటిలో నాననిచ్చి, నీడన ఆరబెట్టి, నిడువైన చూరు క్రిందనే వాడవలెను. వాన సూటిగా కొట్టు చోట ఆ మందు కడుగుకొనిపోవును. తీరమున విరివిగా పెంచు సరుగుడునకును, మెట్టలలోని నీలగిరికిని ఈ మాటయే వర్తించును. నీలగిరి పచ్చిగా వాడిన మెలితిరిగి నవ్వులపాలు చేయును. దానిని ఆరనిచ్చు ఓరిమి లేనివారు దాని జోలికి పోరాదు.

పలక తొడుగు పట్ల అతిమోహము మనకే పుట్టినది కాదు. రష్యాలో ఒనేగా సరస్సునందలి కీజీ ద్వీపమున 1714లో నిర్మింపబడిన రూపాంతర దేవాలయము, దుంగల నిర్మాణములలో ప్రపంచమునకే తలమానికము. దాని కిరువదిరెండు గుమ్మటములు. పందొమ్మిదవ శతాబ్దమున అప్పటివారి నాగరకబుద్ధికి ఆ మోటు దుంగలు నచ్చక, వెలుపల పలకలు తొడిగి తెల్లరంగు వేయించిరి. రాతికట్టడమువలె కనబడవలెనని వారి ఆరాటము. 1950 ప్రాంతమున పునరుద్ధరణ చేసినవారు ఆ పలకలను ఊడదీసి, ప్రాతదుంగలను మరల వెలుగు చూపించిరి. 1990లో యునెస్కో ఆ స్థలమును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది. చమత్కారమేమనగా నాడు వారు కర్రను దాచి రాయివలె కనబడగోరిరి. నేడు మనము ఇటుకను దాచి కర్రవలె కనబడగోరుచున్నాము. పలకలు ఊడదీసిన కీజీలో క్రింద రెండు శతాబ్దములు దాటిన పైన్ దుంగ బయటపడెను. మన ఇండ్లపై పీవీసీ ఊడదీసినచో బయటపడునది చెమ్మపట్టి పొక్కిన సిమెంటు. గాలి యాడని ఆ పలక వెనుక గోడ తేమ ఆరుటకు దారి లేదు. నిప్పంటుకొన్న వేళ పీవీసీ వెడలగ్రక్కు పొగలో ఆమ్లవాయువు కలదనుట అగ్నిమాపకశాఖవారు ఎరిగినదే.

“అడవులు కొట్టి ఇండ్లకు తొడగమందువా?” అని ఆక్షేపించువారు లేకపోరు. ఆక్షేపణ గౌరవింపదగినది. అడవులను గూర్చి 1996 డిసెంబరు 12న సుప్రీముకోర్టు గోదావర్మన్ వ్యాజ్యమున ఇచ్చిన ఆదేశము తరువాత ఈ దేశమున చెట్టు కొట్టుట, కోతమిల్లు నడపుట యథేచ్ఛగా సాగు పనులు కావు, సాగరాదు కూడ. కాని భారత ప్రభుత్వపు కేంద్ర ప్రజాపనుల శాఖయే 1993లో కట్టడములలో కర్రను నిషేధించి, 2020లో ఆ నిషేధమును ఎత్తివేసినది. తోటలలో పెంచి కోసిన కర్ర ఉక్కుకన్న సిమెంటుకన్న భూమికి బరువు కాదను ఎరుక దానికి కారణము. నేనడుగుచున్నది ఎక్కువ కర్ర కాదు, తక్కువ కర్ర. రాజాం వంటి చోట, చెదలు నేలనుండి లేచు చోట, 2014 అక్టోబరున హుద్‌హుద్, 2018 అక్టోబరున తిత్లీ ఈ తీరముపై విరుచుకొనిపడి చూపిన వానయు గాలియు మరువని చోట, నిండు దుంగల గోడలు కట్టుమని చెప్పుట నా అభిమతము కాదు. ఇటుక గోడ, రాతి పునాది, చూరు నిడువుగా దించిన కప్పు; కర్రను పంచ స్తంభములకును, ముక్కోణపు గోడకును, హాలులో ఒక గోడకును, పైకప్పు లోభాగమునకును పరిమితము చేసినచో చాలును. ఆ కొద్దిపాటి కర్రయైనను ఒకే జాతిదై, ఒకే కాలమున ఆరినదై యుండవలెను. ద్వారబంధము బల్లార్షా టేకు, తలుపు ఘనా టేకు, పంచ స్తంభము మలేషియా సాల్, టీవీ గోడ టేకువన్నె ప్లాస్టిక్కు. ఇట్లు మూడు దేశముల కర్రను, ప్లాస్టిక్కును ఒక ఇంట చేర్చి, పైన ఒకే పాలిషు పూయించి సమైక్యము సాధించితిమనుకొనుట భ్రమ.

ఖర్చు మాట కూడ తప్పక వచ్చును. నిజమైన టేకు పలకల తొడుగు పీవీసీకన్న చాల ఎక్కువ యగుననుట నిజమే. అయితే హాలంతయు తొడుగనక్కరలేదు; నాలుగు గోడల అనుకరణకన్న ఒక గోడ అసలు మేలు. ద్వారబంధములు కోయించినప్పుడు మిగిలిన టేకు ముక్కలను వడ్రంగి సంచిలోనికి పోనీక, వెడల్పు తగ్గించి సన్నపలకలుగా కోయించుకొన్నచో, పూజగది గోడకో తలుపు పక్కకో అవియే చాలును. జాతి కలియును, ఆరుదల కలియును, డబ్బును కలిసివచ్చును. నేల నుండి జానెడెత్తు విడిచి పలక మొదలుపెట్టుట, పలకకును గోడకును నడుమ సన్నబద్దలు వేసి గాలికి దారి యిచ్చుట, బిగించుటకు ముందే పలక వెనుకవైపున సైతము పాలిషు పూయుట. వీనికి ఖర్చు స్వల్పము, కావలసినది శ్రద్ధ. ముందువైపు మూడుపూతలు పూసి వెనుకవైపు ఒట్టిగా విడిచిన పలక ఒకవైపే తేమను త్రాగి విల్లువలె వంగుట ప్రతి వానాకాలమున చూచుచునే యున్నాము.

ఇంజనీరింగు కళాశాల గల ఊరు మనది. సిమెంటు కడ్డీల లెక్కలు చెప్పు తరగతులతో పాటు, కర్ర తేమను కొలుచు చిన్న పరికరమును విద్యార్థి చేతికిచ్చి ఊరిలోని అడితులకు పంపినచో, ఒక వేసవి సెలవులలోనే రాజాములో అమ్ముడగు కర్ర ఎంత పచ్చిదో తేలిపోవును. వడ్రంగులకు ఆ విద్య నేర్పవలెనని చెప్పను. వారికది చేతివ్రేళ్లకు తెలియును. వారి మాట వినిపించుకొను యజమానులే కరవైరి. “ఈ కర్ర ఇంకా ఆరలేదు బాబూ, కార్తీకం దాకా ఆగండి” అన్న వడ్రంగిని మార్చి, గృహప్రవేశ ముహూర్తమునకు అందించెదనన్నవానిని పిలుచుకొనువారెందరో!

కావున ఇల్లు కట్టుచున్న చదువరులకు నా విన్నపము. పలకలకు బయానా ఇచ్చుటకు ముందు అడితివానిని ఆ కర్ర పేరేమి, కోసి ఎన్ని నెలలైనది, మీ ద్వారబంధపు కర్రయు ఇదియు ఒకటేనా యని అడుగుడు. “రంగు కలిసిపోద్దండి” అన్న సమాధానము తప్ప మరియొకటి రానిచో, బయానా జేబులోనే ఉంచుకొని ఇంటికి రండు. మీ గోడకు వలసినది సున్నమే.